కాకుల సమక్షంలో చైనా కుడుములు

ఒక ఊరికి వెళ్ళి భోజనం చేసి తిరిగి రావడం పైకి తేలికైన పనిగా కనిపించినా దానికొక క్రమం ఉంది. కారణం ముందు రావాలి. దాని వెనుక దారి, దారి వెనుక ఖర్చు. అనుభూతి చిట్టచివర రావాలి, అదీ చోటు మిగిలితేనే. ఈమధ్య బ్లాగుల్లో యాత్రల గురించి రాస్తున్న మిత్రులు ఈ వరసను తలకిందులు చేస్తున్నారు. మొదటి వాక్యంలోనే పరవశించిపోయి, బస్సు ఎక్కడ ఎక్కాలో చెప్పడం మరిచిపోతున్నారు. ఇరవై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్ళను ఒక బల్ల మీది నుంచి మరో బల్ల మీదికి వరస తప్పకుండా నడిపిస్తున్నవాణ్ణి కనుక నేను అటువంటి అరాచకానికి ఒడిగట్టలేను. పోతే, ఈ వ్యాసంలో కాకుల ప్రస్తావన కొంత అధికంగా ఉంటుంది. అది నా అభిరుచి కాదు. పరిస్థితి అటువంటిది.

కారణం మా బాబాయి. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసేవాడు. ఎండుమిరపకాయను తొడిమ పట్టుకుని చెవి దగ్గర విదిలించి, లోపల గింజ గలగలమంటే "పలికింది" అనేవాడు. బాగా ఎండింది, కొనవచ్చు అని దాని అర్థం. కాయలను అలా పలికించిన మనిషి తాను మాత్రం పలికేవాడు కాదు. ఏం తింటావంటే "ఏదైనా సరే". ఎలా ఉందంటే "ఉంది". నలభై ఏళ్ళ కాపురంలో మా పిన్ని వంట గురించి ఆయన దాఖలు చేసిన అభిప్రాయం ఇంతే. ఒక్కసారి మాత్రం నోరు విప్పాడు. చాలా ఏళ్ళ క్రితం తోటి వ్యాపారులతో కలిసి సింగపూర్ వెళ్ళొచ్చినప్పుడు, సముద్రం కనిపించే ఎత్తైన మేడమీద తమను కూర్చోబెట్టారని, వెదురు బుట్టల్లో ఆవిరి కక్కే తెల్లటి ఉండలు తెచ్చిపెట్టారని, వాటిని డిమ్ సమ్ అంటారని, అవి బాగున్నాయని చెప్పాడు. "బాగున్నాయి" అన్న మాట ఆ ఇంట్లో అంతకుముందు గానీ ఆ తరువాత గానీ వినపడలేదు. అక్కడ మొగుడూ పెళ్ళాలు ఎదురెదురుగా కూర్చుని ఒకే బుట్టలోంచి తింటున్నారని కూడా చెప్పాడు. ఆ దేశంలో గిన్నెల కొరత ఉన్నట్టుందని మేము అర్థం చేసుకున్నాం. పిన్ని ఆ పూట అన్నం ముట్టలేదు. ఏ దేశంలోనో ఎవరో ఉడకేసిన ఉండలకు వచ్చిన మాట తన గోంగూర పచ్చడికి ఎందుకు రాలేదన్నది ఆమె అభియోగం. దానికి బాబాయి జవాబు దాఖలు చేయలేదు.

నిరుడు ఫాల్గుణ మాసంలో ఆయన నిద్రలోనే పోయాడు. పదో రోజున కాలవ గట్టున పిండం పెట్టాం. పద్ధతి అందరికీ తెలిసిందే. కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. అదేమిటో ఊహించి, పైకి చెప్పి, తీరుస్తామని మాట ఇవ్వాలి. ఊహ సరైనదైతే కాకి దిగుతుంది. ఆ రోజు కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. దిగలేదు, అరవలేదు. యార్డులో కొట్టు అమ్మబోమని పెద్దకొడుకు మాట ఇచ్చాడు. అన్నతో పోట్లాడనని చిన్నకొడుకు ఇచ్చాడు. అమ్మను చెరో ఆరు నెలలు కాకుండా ఇద్దరం కలిసే చూసుకుంటామని ఇద్దరూ ఇచ్చారు. చివరికి ఆయన ఎన్నడూ కాల్చని చుట్టలు కూడా వాగ్దానం చేశారు. బతికుండగా ఏం కావాలో చెప్పనివాడు పోయాక మాత్రం ఎలా చెబుతాడు? ఎండ ముదిరింది. పిండాన్ని నీళ్ళలో కలపమని పంతులుగారు అనుమతి మంజూరు చేశారు.

ఆనాటి నుంచి పిన్ని రోజూ అన్నం వండి మొదటి ముద్ద పిట్టగోడ మీద పెడుతోంది. కాకి ముట్టాకే తాను ముట్టడం. ఆయన ఉన్నప్పుడూ ఇదే వరస: ఆయన తిని లేచాక, వంటింట్లో, తలుపు చాటున. కానీ ఏ కాకీ ముట్టలేదు. సాయంత్రానికి ముద్ద ఎండిపోయాక, ఇక తప్పదని రెండు మెతుకులు కతికేది. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైంది. సంవత్సరీకం దగ్గర పడింది. ఆ రోజు కూడా కాకి ముట్టకపోతే తాను ఇక అన్నం ముట్టనని, పప్పులో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. పిన్ని అన్న మాట తప్పిన దాఖలా మా వంశంలో లేదు. సరిగ్గా ఆ వారంలోనే, వాడరేవులో ఎవరో సముద్రం ఎదురుగా మేడమీద హోటల్ పెట్టి చైనా కుడుములు అమ్ముతున్నాడని మా కార్యాలయంలో ఒకాయన చెప్పగా విని, ఆ సంగతి పిన్ని దగ్గర అనాలోచితంగా ప్రస్తావించాను. ఆమె చేటలో బియ్యం అలాగే పక్కన పెట్టింది.

"ఒరేయ్ అబ్బాయ్, నన్ను అక్కడికి తీసుకుపో. ఆయన నోటితో బాగుందన్నది ఈ లోకంలో అదొక్కటే."

ఇక దారి. గుంటూరు నుంచి చీరాలకు రైలుంది, బస్సులున్నాయి. చీరాల నుంచి వాడరేవుకు షేరు ఆటోలో ఏడెనిమిది రూపాయలు. పిన్నికి నీరసం కనుక నేను ఇండికా కారు మాట్లాడాను. డీజిలుతో కలిపి పోనురాను పన్నెండు వందలు, డ్రైవరు భోజనం మనదే. డ్రైవరు పేరు మస్తాన్, మా పేటవాడే. శని ఆదివారాల్లో అక్కడ జనం ఎక్కువని విని శుక్రవారానికి సెలవు పెట్టాను. పొన్నూరు, బాపట్ల మీదుగా వెళితే రోడ్డు బాగుంటుంది. కానీ పిన్ని ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు మీదుగా పోదామన్నది. బాబాయి సరుకు కోసం తిరిగిన దారి అది. ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. ఆమె మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదు.

మాఘమాసపు మంచు ఇంకా విడలేదు. ప్రత్తిపాడు దాటాక రోడ్డుకు రెండు పక్కలా మిరప కల్లాలు మొదలయ్యాయి. ఆ తెల్లదనంలో ముందు ఎరుపు కనిపిస్తుంది. ఆ తరువాత గానీ అది నేల మీద ఉందని తెలియదు. ముక్కుకూ నోటికీ గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వరసగా కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు. అంతమంది ఆడవాళ్ళు కూర్చున్న చోట ఒక్క మాట కూడా వినపడకపోవడం నా అనుభవంలో మొదటిసారి. ఘాటుకు నోరు తెరవరని మస్తాన్ వివరించాడు. వివరణ సబబుగానే ఉంది. కల్లాల తరువాత పత్తిచేలు వచ్చాయి. ఏరగా మిగిలిన దూది మోళ్ళ మీద వేలాడుతూ ఉంది. ఆ తరువాత పొగాకు కాల్చే బ్యారన్లు, కిటికీలు లేని ఎత్తైన గోడలతో, ఎవరికోసమో నిలబడి ఉన్నట్టు. పిన్ని మాత్రం ఇవేవీ చూడలేదు. కరెంటు తీగల వంకే చూస్తోంది. పెదనందిపాడు దాటాక అడిగింది:

"ఏం మస్తానూ, దారి పొడుగునా ఒక్క కాకీ కనపళ్ళేదేం?"

"మిరపకాయల దగ్గరికి కాకి రాదు పెద్దమ్మా. ఘాటుకి."

"పత్తిచేల మీద ఘాటు లేదుగా?"

మస్తాన్ అద్దంలో ఆమెను చూసి, మళ్ళీ రోడ్డును చూశాడు. "ఏమో పెద్దమ్మా. ఇయ్యాల అన్నీ కలిసి ఎటో పోయినట్టున్నయ్."

పర్చూరులో టీకి ఆగాం. కప్పు రెండు రూపాయలు, అల్లం దట్టించాడు, బాగుంది. యాత్రికులు ఈ అవకాశాన్ని వినియోగించుకోవచ్చు. ఎక్కడికి పోతున్నారని కొట్టాయన అడిగాడు. వాడరేవు అన్నాను. భోజనానికా అన్నాడు. మేడమీది హోటల్‌కి అన్నాను. ఆయన గిన్నె కడగడం ఆపి, కారులో కూర్చున్న పిన్నిని చూసి, గొంతు తగ్గించి "ఎవరి కోసమండీ?" అన్నాడు. మేమే తింటామని చెప్పాను. ఆయన తలూపి, చిల్లర ఇచ్చాడు. హోటల్‌కు వెళ్ళేవారిని ఎవరి కోసమని అడగడం నేను ఎక్కడా వినలేదు. ఈ ప్రశ్నను అప్పట్లో పక్కన పెట్టడమైనది.

చీరాల పట్టణం దాటేసరికి తొమ్మిదిన్నర అయింది. అక్కడి నుంచి వాడరేవు పావుగంట. ఊళ్ళోకి దిగగానే దారంతా కనిపించని కాకులు ఎక్కడున్నాయో తెలిసింది. ఇసుకలో ఎండబెట్టిన చేపల మీద, బోర్లించిన పడవల మీద, ఆరేసిన వలల మీద. వాటి గోలకు పక్కవాడి మాట వినపడటం లేదు. పిన్ని ముఖంలో చాలాకాలం తరువాత కొంచెం రంగు కనిపించింది. మంచు సముద్రం మీద అలాగే ఉండిపోయింది. నీళ్ళు చప్పుడుగా ఉన్నాయి గానీ చూపుకు లేవు. హోటల్ పదకొండుకు తెరుస్తారని తెలిసి ఒడ్డునే కూర్చున్నాం.

హోటల్ పేరు హార్బర్ వ్యూ. అక్కడ హార్బరు లేదు. కింద చేపల ఐసు గోదాము, పైన రేకుల కప్పు వేసిన మేడ, బయటి నుంచి ఇనుప మెట్లు. మస్తాన్‌ను రమ్మంటే కారు దగ్గరే ఉండి పరోటా తింటానన్నాడు. "మాలో ఈ కాకుల పద్ధతి లేదు సార్. మా నాయనకి ఏం కావాలో బతికున్నప్పుడే వీధి వీధంతా ఇనపడేట్టు చెప్పిపోయాడు" అని నవ్వాడు. కాకుల పద్ధతి సంగతి మేము అతనికి చెప్పలేదు. ఎలా తెలిసిందని అడిగేలోగా పిన్ని మెట్లెక్కడం మొదలుపెట్టింది. సగం మెట్లు ఎక్కేసరికి కింది గోల, తలుపు వేసినట్టు, ఆగిపోయింది. వంగి చూశాను. కింద కాకులు నోళ్ళు తెరుస్తూనే ఉన్నాయి.

పైన ఆరు బల్లలు, సముద్రం వైపు పొడుగునా పిట్టగోడ. ఆ గోడ మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, సందు లేకుండా కాకులు. ఒక్కటీ అరవటం లేదు. అన్నీ సముద్రానికి వీపు పెట్టి, హోటల్ లోపలికి చూస్తూ కూర్చున్నాయి. ప్రకృతి దృశ్యం చూస్తూ భోజనం చేసే వసతి అని మేము విని వచ్చాం. వసతి ఉన్న మాట వాస్తవమే. అయితే అది వాటి కోసం ఏర్పాటు చేసినట్టుంది. దృశ్యం మేమే.

యజమాని పోలయ్య ఆ ఊరివాడే. చాలాకాలం ఓడల్లో వంటపని చేసి, పినాంగు నుంచి వచ్చిన ఒక చైనా వంటవాడి దగ్గర ఈ విద్య నేర్చుకున్నాడు. చేతి మీద లంగరు పచ్చబొట్టు ఉంది. బియ్యప్పిండీ సగ్గుబియ్యపు పిండీ కలిపి పల్చటి అప్పంగా నొక్కి, లోపల రొయ్యలు గానీ క్యాబేజీ గానీ పెట్టి, కుచ్చెళ్ళలా మడత పెట్టి, చీరాల మేదరవాళ్ళు అల్లిన వెదురు బుట్టల్లో ఆవిరి పడతాడు. నిర్వచనం విషయంలో నేను కొంత విచారణ జరిపాను. ఆవిరి మీద ఉడుకుతుంది, లోపల పూర్ణం ఉంటుంది, కనుక ఇది కుడుము వర్గానికే చెందుతుందని తేల్చాను. పోలయ్య అభ్యంతరం చెప్పలేదు. బుట్టకు నాలుగు. రొయ్యలవి డెబ్బై రూపాయలు, క్యాబేజీవి యాభై. పక్కన వేయించిన ఎండుమిరపకాయలు, ఒక ఎర్ర పచ్చడి. కాకి పళ్ళెం ఉచితం.

కాకి పళ్ళెం అంటే ఏమిటని అడగ్గా అతను స్టవ్వు తగ్గించి వచ్చి చెప్పాడు. హోటల్ తెరిచిన కొత్తలో చీరాల నుంచి పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారట. బుట్ట మూత తీశారట. లోపలి తెల్లటి ఉండలను చూశారు, ఎదురుగా సముద్రాన్ని చూశారు, గోడ మీద కాకుల్ని చూశారు, లేచి చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు.

"సముద్రం ఒడ్డున తెల్లటి పిండి ఉండ పెడితే మనోళ్ళకి ఇంకేం గుర్తొస్తదండీ? కొత్తిమీర నూరి పచ్చరంగు కలిపాను. పాచి పట్టిన పిండం అన్నారు. ఇంక మూసేద్దాం అనుకుంటుండగా ఒకాయన ఒంటరిగా వచ్చి, ఒక ఉండ గోడ మీద పెట్టాడు. ఈ కాకులు మామూలుగా నేను పారేసినా ముట్టవండీ. కింద చేపల తలకాయలకి కొట్టుకు చస్తయ్, పైకొస్తే నోరు తెరవ్వు. ఆయన గోడ దగ్గర నిలబడి ఏదో గొణిగాడు. ఒక కాకి వచ్చి తీసుకుంది. ఆయన ఏడ్చి, నాలుగు బుట్టలు తిని పోయాడు. అంతే, అప్పట్నుంచి జనం." పోలయ్య గోడ వంక చూడకుండా మాట్లాడుతున్నాడని అప్పుడు గమనించాను. "నేను ఓటలు పెట్టానండీ. ఈళ్ళు దీన్ని పిండాల రేవు చేశారు."

అతను చెప్పింది నిజమేనన్నట్టు పక్క బల్ల దగ్గర ఒంగోలు నుంచి వచ్చిన కుటుంబం పని మీద ఉంది. గోడ మీద పళ్ళెం పెట్టి, నాయనమ్మగారి గాజులు చిన్నకోడలికే ఇస్తామని ఆ ఇంటి పెద్ద అయిష్టంగా ప్రకటించాడు. మాట పూర్తయ్యీ అవకముందే కాకి వచ్చి ఎత్తుకుపోయింది. పెద్దకోడలు బుట్ట మూత పెట్టేసి, తనకు ఆకలి లేదన్నది.

మేము గోడ పక్క బల్ల తీసుకున్నాం. నేను రొయ్యలవి చెప్పాను. సంవత్సరీకం కానందున పిన్ని క్యాబేజీవి చెప్పింది. ఎదురుగా ఉన్న కుర్చీని కొంచెం వెనక్కు లాగి, మనిషి కూర్చోవడానికి వీలుగా పెట్టింది. బుట్ట రాగానే ఒక కుడుము కాకి పళ్ళెంలో వేసి, ఆ కుర్చీ ముందు ఉంచి, తల మీద కొంగు సర్దుకుంది.

"ఏవండీ, ఇవేగా మీరు బాగున్నయ్యన్నది. తెప్పించాను. తినండి."

గోడ మీద ఏదీ కదల్లేదు. పళ్ళెంలోంచి ఆవిరి నిటారుగా లేచింది. సముద్రం ఒడ్డున, గాలి తగిలే మేడ మీద, ఆవిరి నిటారుగా లేవడం ఎలా సాధ్యమో నాకు తెలియదు. నేను క్రమం ప్రకారం పాత వాగ్దానాలన్నీ మళ్ళీ చదివాను: కొట్టు, అన్నదమ్ముల సఖ్యత, ఆరు నెలల విషయం. చుట్టలు మినహాయించాను. మా బల్లకు ఎదురుగా ఉన్న కాకి ఒకటి తల పక్కకు వంచి నన్ను చూసింది. కార్యాలయంలో నేను అర్జీదారులను చూసే చూపు అది. ఆవిరి తగ్గి, చివరికి ఆగిపోయింది. కుడుము పైన తడి ఆరి, చర్మంలా ముడత పడింది. ఇంటికి పోదాం, సంవత్సరీకం నాడు చూద్దాం అన్నాను. పిన్ని నా మాట విన్నట్టు లేదు. ఎదుటి కుర్చీనే చూస్తోంది.

"ఇది కూడా కాదూ? మరేంటి? నలభై ఏళ్ళు అడిగాను. రోజుకి రెండు పూటలా అడిగాను. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పరు." గొంతు పెరగలేదు. కానీ పోలయ్య స్టవ్వు ఆపేశాడు. "అసలు దీనికెట్టా వచ్చింది మీ నోట్లోంచి ఆ మాట? నా చేతి వంటకి రాని మాట? అంత గొప్ప ఏముందో నేనూ చూస్తా."

బుట్ట తన ముందుకు లాక్కుని ఒక కుడుము తీసుకుంది. నేను కంగారుపడ్డాను. కాకి ముట్టకముందు ఇంటివాళ్ళు ముట్టడం ఏ పద్ధతిలోనూ లేదు.

"పిన్నీ, ఇంకా కాకి..."

"ఉండ్రా నువ్వు."

సగం కొరికింది. ఏడాదిగా వేడి పదార్థం తగలని నోరు. నెమ్మదిగా నమిలింది. పిట్టగోడ మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, తలలన్నీ ఒకేసారి ముందుకు వంగాయి. పిన్ని మింగి, తన తీర్పు చెప్పింది.

"ఉప్పు తక్కువ."

అప్పుడు ఆ ఎదుటి కాకి గోడ దిగింది. ఎగరలేదు. కుర్చీ వీపు మీదికి దుమికి, అక్కడి నుంచి బల్ల మీదికి నడిచి వచ్చింది. తన కోసం పెట్టిన పళ్ళేన్ని దాటిపోయింది, చూడనైనా లేదు. మిరపకాయల గిన్నె దగ్గర ఆగింది. ఒక ఎండుమిరపకాయను తొడిమ దగ్గర ముక్కుతో పట్టుకుంది, తల ఒక పక్కకు వంచింది, విదిలించింది. ఆ నిశ్శబ్దంలో గింజల చప్పుడు అందరికీ వినపడింది. పక్షులు ఆహారాన్ని విదిలించి చూడటం సహజమేనని తెలిసినవారు చెబుతారు. ఆ సంగతి ఇక్కడ నమోదు చేయడమైనది. కాకి కాయను పిన్ని ముందు జాగ్రత్తగా పెట్టి, ఆమె చేతిలో మిగిలిన సగం కుడుమును, ఎంగిలిదాన్ని, అందుకుంది.

ఎత్తుకుపోలేదు. అక్కడే నిలబడి, ఆమెకు ఎదురుగా తిన్నది. పిన్ని చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి ఇంకో కుడుము తీసి, సగం కొరికి, మిగతా సగం బుట్టలో పెట్టింది. కాకి బుట్టలోంచి తీసుకుంది. మూడోది కూడా అలాగే జరిగింది. బల్ల మీద ఖాళీ పళ్ళేలు రెండు ఉన్నాయి. గిన్నెల కొరత ఏమీ లేదు. నేను నా రొయ్యల బుట్ట మూత తీయకుండా కూర్చున్నాను. ఆ ఇద్దరి మధ్య మూడో మనిషి భోజనం చేయడం మర్యాదగా తోచలేదు.

బుట్ట ఖాళీ అయ్యాక కాకి ముక్కును బల్ల అంచుకు అటూ ఇటూ తుడుచుకుంది. పిన్ని దాన్ని చూస్తూ, కోపమో మరొకటో తెలియని గొంతుతో, "ఇదా" అన్నది. కొంచెం ఆగి, "చెప్పొచ్చుగా" అన్నది.

అది లేచింది. దానితో గోడ మీదివన్నీ లేచాయి. రేకుల కప్పు కింద ఒక్క క్షణం చీకటి పడి, వెలిగింది. మంచు ఎప్పుడు విడిందో మాకు తెలియదు. గోడ అవతల, మేము వచ్చినప్పటి నుంచి ఉండవలసిన చోటే, సముద్రం ఉంది. నీలంగా, చివరిదాకా. దృశ్యం గురించి అడిగే పాఠకులకు మనవి: చాలా బాగుంటుంది, కాకులు లేచాక. పోలయ్య వచ్చి ఖాళీ బుట్ట తీసుకుని, దాని డబ్బు వద్దన్నాడు. మళ్ళీ వచ్చేటప్పుడు కొంచెం ముందుగా చెబితే ఇద్దరికి బల్ల వేసి ఉంచుతానన్నాడు. మేము వచ్చింది ఇద్దరమే కదా అన్నాను. మీరు కాదండీ అన్నాడు.

తిరుగు ప్రయాణం బాపట్ల, పొన్నూరు మీదుగా. పొన్నూరులో కారు ఆపించి పిన్ని నాలుగు ఇడ్లీలు తిన్నది. మస్తాన్ ఆశ్చర్యపడి, కాకికి పెట్టవద్దా పెద్దమ్మా అని ఎగతాళి చేశాడు. "నేను తింటే ఆయన తిన్నట్టే, నువ్వు బండి చూసుకో" అన్నది. కొంగున ముడి వేసుకున్న ఎండుమిరపకాయను దారిలో ఒకసారి తీసి చెవి దగ్గర విదిలించుకుంది. ఏమంటోందని నేను అడగలేదు. అది వారి సొంత వ్యవహారం. ఆ తరువాత సంవత్సరీకం నాడు ఆమె అందరికంటే ముందు ఒక ముద్ద తిని, మిగిలినది గోడ మీద పెట్టింది. పంతులుగారు అభ్యంతరం తెలిపారు. ఆ అభ్యంతరం పూర్తికాకముందే కాకి వాలింది.

ఈ యాత్ర వల్ల నేను తెలుసుకున్నది ఏమిటని ఆలోచిస్తే, ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంట్లో కూడా నేను తిని లేచాకే నా భార్య కూర్చుంటోందన్న సంగతి ఒకటి తేలింది. ఈ విషయం నా దృష్టికి ఎన్నడూ రాలేదు, ఎందుకంటే అప్పటికి నేను చేయి కడుక్కుని వార్తలు చూస్తూ ఉంటాను. వాడరేవు నుంచి వచ్చిన సాయంత్రం కంచం ముందు కూర్చుని, నువ్వు ముందు తిను అన్నాను. ఆమె నన్ను కిందనుంచి మీదకి చూసి, "ఏం, అందులో ఏం కలిపానని అనుమానం?" అన్నది. మా ఇంటి పిట్టగోడ మీద ఆ వేళప్పుడు రాకూడని కాకి ఒకటి కూర్చుని, లోపలికి చూస్తోంది. చివరికి ఆమె ఒక ముద్ద తిన్నది. ఉప్పు తక్కువైందని తనే ఒప్పుకుంది. బాగుందని నేను అన్నాను. మా మధ్య ఆ మాట మొదటిసారి రావడం వల్ల కాబోలు, కొంతసేపు ఇద్దరమూ ఒకరినొకరు చూసుకోలేకపోయాం.

వెళ్ళదలచినవారికి మూడు సూచనలు: పని దినాల్లో వెళ్ళండి, పదకొండుకల్లా మెట్లెక్కండి, కాస్త ఉప్పు పొట్లం కట్టి వెంట తీసుకెళ్ళండి. ఇక నియమం. చైనా కుడుములు గాని, మరే ఇతర ఆహారం గాని భుజించు సందర్భమున భార్య ముందు, కాకి తరువాత, భర్త ఆ తరువాత. భర్త జీవించి ఉన్నాడన్న కారణముపై ఈ క్రమమున ఎట్టి సడలింపు ఉండదు. ఇది అంతిమము. అభ్యంతరములున్నవారు గోడ మీద పెట్టుకొనవచ్చును.